బాబు మూత్రం బాగానే పోస్తున్నాడు, ఆపరేషన్ ఎందుకు?

ప్రశ్న: గర్భంలో ఉండగా ఏడో నెల స్కానింగులోనే మా బాబుకు ఎడమ కిడ్నీ వాపు ఉందన్నారు. పుట్టిన మూడో నెలలో తీసిన న్యూక్లియర్ స్కానులో (ఒక్కో కిడ్నీ ఎంత పని చేస్తోందో చూపే పరీక్ష) ఆ కిడ్నీ వంతు పని 44 శాతం ఉండగా, తొమ్మిది నెలలు నిండిన ఇప్పుడు 32కు పడిపోయిందని, పైలోప్లాస్టీ అనే ఆపరేషన్ చేయాలని డాక్టరు అంటున్నారు. బాబు మూత్రం ధారాళంగా పోస్తున్నాడు. వాళ్ల జేజి పసిబిడ్డకు కత్తి పెట్టనీయనంటోంది. ఇంకో ఏడాది ఆగవచ్చా?
– ఒక తల్లి, ప్రొద్దుటూరు

జవాబు: ఆగవద్దమ్మా. మూత్రం ధారాళంగా రావడానికి కుడి కిడ్నీ ఒక్కటి చాలు కనుక, ఎడమది లోలోపల దెబ్బతింటున్నా బయటికి ఏమీ తెలియదు. కిడ్నీ నుంచి మూత్రనాళం మొదలయ్యే చోట, గర్భంలోనే కండరం సరిగా ఏర్పడక దారి ఇరుకైతే మూత్రం కిందికి జారక వెనక నిలిచి, ఆ ఒత్తిడికి కిడ్నీ ఉబ్బుతుంది. ఇలాంటి వాపు చాలామంది పిల్లల్లో దానంతటదే తగ్గిపోతుంది. అందుకే మీ డాక్టరు మొదట వేచి చూశారు, అది సరైన పనే. కానీ ఒక్కో కిడ్నీ దాదాపు సగం పని చేయవలసి ఉండగా, అది 40 శాతం కంటే తగ్గడం, రెండు స్కానుల మధ్య 10కి పైగా పడిపోవడం ఆపరేషన్‌కు స్పష్టమైన కారణాలు. పోయిన శక్తి పూర్తిగా తిరిగి వస్తుందని చెప్పలేము. ఉన్నదాన్ని నిలుపుకోవడమే ముఖ్యం.

జేజమ్మకు ఇలా చెప్పండి: కిడ్నీని తీయరు, ఇరుకు ముక్కను మాత్రమే కోసేసి, మంచి నాళాన్ని వెడల్పుగా కిడ్నీ సంచికి కుట్టేస్తారు. ఆండర్సన్, హైన్స్ అనే వైద్యులు 1949లో ప్రకటించిన ఈ పద్ధతి నూటికి 90 మందికి పైగా పిల్లల్లో ఫలిస్తోంది. కొండపిండాకు రసం వంటివి ఈ ఇరుకును విప్పలేవు, పసివాడికి పట్టవద్దు.

కుట్టిన చోట మూత్రం సాఫీగా సాగడానికి లోపల డీజే స్టెంట్ అనే సన్నని గొట్టం పెడితే, సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలకు తీస్తారు. బిడ్డ హుషారుగా ఉన్నాడని ఆ తేదీ మరిచిపోయే తల్లిదండ్రులున్నారు. మరిచిన గొట్టానికి రాళ్లు పేరుకుంటాయి. ఆపరేషన్ తర్వాత కూడా స్కానింగులో వాపు కొన్ని నెలలు కనిపిస్తుంది, దాన్ని చూసి బెదరకండి, తర్వాతి న్యూక్లియర్ స్కానే తీర్పు చెబుతుంది. ఈలోగా జలుబూ దగ్గూ లేకుండా జ్వరం వస్తే ఆ రోజే మూత్ర పరీక్ష చేయించండి.