బాంగర్‌లో వెల్ష్ నేర్చుకుంటున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ వ్యాసం మొత్తం చదివా. వేల్స్ ఉత్తరాన ఉన్న బాంగర్ వెళ్లి ఇంకా ఏడాది కూడా కాలేదు, అప్పుడే అక్కడి భాష వెల్ష్ మొదలుపెట్టావు, అదీ అడవి జంతువుల పేర్లతో మొదలుపెట్టావు, చాలా సంతోషంగా ఉంది. కానీ వ్యాసంలో సగం లిస్టే ఉంది. గుంటనక్కని ఇలా అంటారు, గబ్బిలాన్ని ఇలా అంటారు, తోడేలుని ఇలా అంటారు అని వరసగా రాసుకుంటూ పోయావు. అలా రాస్తే చదివినవాళ్లకి ఒక్క పేరు కూడా మిగలదు, కొన్నాళ్లకి నీకూ మిగలవు.

పేరుని ఒంటరిగా పట్టుకోకు, దాన్ని పక్కనున్న మాటలతో పాటు, అది తిరిగే చోటుతో పాటు పట్టుకో. నేను చెప్పాల్సింది ఇదే, మిగతాదంతా దీని గురించే.

నీటికుక్కనే తీసుకో. వెల్ష్‌లో డూర్ అంటే నీళ్లు, కీ అంటే కుక్క, కలిపితే డుర్గీ. మనం పెట్టుకున్న పేరే వాళ్లూ పెట్టుకున్నారు. అయితే కీ కాస్తా గీ అయింది చూశావా? మాట మొదటి అక్షరం ఇలా మారిపోవడాన్ని వాళ్లు ట్రెయ్‌గ్లాడ్ అంటారు, ఇంగ్లీష్ మాత్రమే వచ్చినవాళ్లు చాలామంది బెదిరేది ఇక్కడే. నువ్వెందుకు బెదరాలి? తల్లీ తండ్రీ కలిస్తే తల్లిదండ్రులు, అన్నా తమ్ముడూ కలిస్తే అన్నదమ్ములు, స్కూల్లో గసడదవాదేశం అని బట్టీపట్టాం కదా. కచటతపలు మెత్తబడి గసడదవలు అయినట్టే వాళ్లకీ క వెళ్లి గ అవుతుంది, ట వెళ్లి డ అవుతుంది, ప మాత్రం మనకి వ అయితే వాళ్లకి బ. ఎప్పుడు మారాలన్న రూల్స్ వేరే అనుకో, కానీ ఆ మార్పు మన చెవికి పుట్టినప్పట్నుంచీ అలవాటే. తెలుగులో రాస్తున్న వ్యాసంలో ఈ సంగతి లేకపోవడం ఏంటి తమ్ముడూ, నీ పాఠకుడికి వెల్ష్ దగ్గరయ్యేది ఇక్కడే కదా!

ఇప్పుడు ఉడత సంగతి. నీ వ్యాసంలో దానికి ఒక్క లైనే ఇచ్చావు, నాకైతే అన్యాయమనిపించింది. మీ బాంగర్ నుంచి మెనాయ్ బ్రిడ్జి దాటితే ఆంగ్లసీ దీవి, వెల్ష్‌లో అనిస్ మోన్, అక్కడ ఎర్ర ఉడతలున్నాయి. 19వ శతాబ్దంలో ఉత్తర అమెరికా నుంచి తెచ్చి వదిలిన బూడిదరంగు ఉడతలు బ్రిటన్‌లో చాలాచోట్ల వీటిని లేకుండా చేశాయి, తిండిలో పోటీ ఒకటైతే, బూడిదవాటికి ఏ హానీ చెయ్యని ఒక పాక్స్ వైరస్ ఎర్రవాటిని చంపేయడం ఇంకొకటి. 1998 నాటికి ఆ దీవిలో ఎర్రవి ఓ 40 మిగిలాయి. అప్పుడు బూడిదవాటిని దీవిలోంచి పూర్తిగా తీసేసే పని పెట్టుకుని ఏళ్లతరబడి చేశారు, ఇప్పుడు ఎర్రవి వందల్లో ఉన్నాయి. సరే, ఎర్ర ఉడత అంటే గ్వివర్ గోఖ్. నిజానికి ఎరుపు అంటే కోఖ్, కానీ వెల్ష్‌లో ఉడత ఆడ మాట కాబట్టి దాని వెనకొచ్చిన కోఖ్ గోఖ్ అయింది. ఇటు మా అబెరిస్ట్‌విత్ వైపు ఎర్ర గద్దలున్నాయి, బుల్ఖ్ నాంట్ అర్ ఆరియన్ అనే చోట రోజూ మధ్యాహ్నం వాటికి మాంసం వేస్తారు, చాలా గద్దలు ఒకేసారి దిగుతాయి, సెలవుల్లో వస్తే తీసుకెళ్తా. దాని పేరు బార్కిడ్ కోఖ్. గద్ద మగ మాట, అందుకని కోఖ్ అలాగే ఉండిపోయింది. ఈ రెండు పేర్లూ రంగుతో సహా నోటికొస్తే లింగం గురించి టేబుల్ ముందేసుకుని కూర్చోవాల్సిన పని సగం తగ్గుతుంది, అందుకే ఉడత ఒక్కటే కాదు ఎర్ర ఉడత అనే నేర్చుకో, గద్ద ఒక్కటే కాదు ఎర్ర గద్ద అనే నేర్చుకో.

గుంటనక్కకి నువ్వు కడ్నో అని రాశావు. తప్పు కాదు, కానీ అది దక్షిణాది మాట, మీ ఉత్తరాన ల్హుయ్నోగ్ అంటారు. డిక్షనరీ రెండూ ఇస్తుంది, నువ్వు ఉన్నచోట జనం ఏది అంటున్నారో దాన్నే పెట్టు. బాంగర్ గురించిన వ్యాసంలో కడ్నో అంటే శ్రీకాకుళం కథలో కరీంనగర్ మాట పెట్టినట్టు ఉంటుంది. ల్హుయ్నోగ్‌లో మొదటి శబ్దానికి తెలుగులో అక్షరం లేదు, నాలుక ల దగ్గర ఆనించి పక్కల నుంచి గాలి వదలాలి, బస్టాప్‌లో ఎవరైనా పెద్దావిడ పలుకుతుంటే విను, యాప్ కంటే అదే మేలు.

ఇంకోటి, తోడేలు గురించి రాసి బెద్‌గెలెర్ట్ అనే ఊరి ఊసే ఎత్తలేదేంటి? మీకు దగ్గరే. బెద్ అంటే సమాధి, గెలెర్ట్ అనేది కథలో కుక్క పేరు. ల్హెవెలిన్ రాజు వేటనుంచి వచ్చేసరికి ఉయ్యాల తిరగబడి ఉంది, కుక్క మూతికి రక్తం, బిడ్డని తినేసిందనుకుని పొడిచేశాడు, తర్వాత చూస్తే ఉయ్యాల కింద బిడ్డ క్షేమంగా ఉన్నాడు, పక్కనే చచ్చిన తోడేలు. విన్న కథే కదా? పంచతంత్రంలో ముంగిస, పాము. వాళ్లకి కుక్క, తోడేలు. 18వ శతాబ్దం చివర్లో అక్కడి హోటల్ యజమాని ఒకాయన ఈ కథని ఊరికి అతికించాడని అంటారు, అది కూడా రాయి, దాచకు. కీ, బ్లైద్, బెద్, అంటే కుక్క, తోడేలు, సమాధి, మూడు మాటలూ ఆ కథలోనే చెప్పేయొచ్చు, మన పాఠకుడికి కథ ముందే తెలుసు కాబట్టి మాటలు తేలిగ్గా అతుక్కుంటాయి.

కాబట్టి లిస్టు మొత్తం తీసెయ్. నీటికుక్క, ఎర్ర ఉడత, గుంటనక్క, బెద్‌గెలెర్ట్ తోడేలు, ఈ నాలుగు చాలు. తిరగరాసే ముందు ఒకసారి ఉదయాన్నే బ్రిడ్జి దాటి వెళ్లి ఉడతని కళ్లారా చూసిరా, కనపడకపోతే ఇంకోసారి వెళ్లు. మిగతా జంతువులు ఎక్కడికీ పోవు, గబ్బిలాల మీద విడిగా రాయొచ్చు, వాటి పేర్లలో చాలా సరుకుంది. కొత్త డ్రాఫ్ట్ కాగానే పంపించు, ఎంత పొడుగున్నా చదువుతా.

ప్రేమతో,
మీ అన్న