హాల్‌మార్క్ క్రిస్మస్ సినిమాకు ఒకరు 10, ఒకరు 1 ఇస్తే ఎవరి మాట వినాలి?

మీరు అడిగింది ఇదీ: డిసెంబరు సెలవుల్లో ఇంటిల్లిపాదీ కూర్చుని హాల్‌మార్క్ చానెల్ వాళ్ల ‘ఎ బిల్ట్‌మోర్ క్రిస్మస్’ చూద్దామని, ప్రేక్షకులు పదికి మార్కులు వేసే ఐఎండీబీ వెబ్‌సైట్ తెరిచారు. ఒకరు 10 ఇచ్చి నెత్తిన పెట్టుకున్నారు, ఆ కిందే ఇంకొకరు 1 ఇచ్చి ఏకిపారేశారు. ఒకే సినిమా మీద ఇంత తేడా ఏమిటి, ఎవర్ని నమ్మాలి?

ఇద్దర్నీ పక్కన పెట్టండి. 4 నుంచి 7 దాకా ఇచ్చినవాళ్లు రాసినవి ఒక పది పదిహేను చదవండి. చదువుతున్నప్పుడు ప్రతి ఫిర్యాదునూ ఒక్క ప్రశ్న అడగండి: ఇది ఈ సినిమా తప్పా, ఈ రకం సినిమాలన్నింటికీ ఉన్నదేనా? అన్నింటికీ ఉన్నదైతే కొట్టేయండి. మిగిలిందే మీకు పనికొచ్చే అభిప్రాయం. చెప్పడానికి తేలికే గానీ, ఏది ఏ కోవలోకి వస్తుందో తెలియాలంటే ఇవి ఎలా తయారవుతాయో కొంచెం తెలియాలి.

హాల్‌మార్క్ అంటే మొదట గ్రీటింగ్ కార్డుల కంపెనీ, మిస్సోరీ రాష్ట్రం కాన్సస్ సిటీది. చానెల్ ఆ పేరుతో 2001లో వచ్చింది. ‘కౌంట్‌డౌన్ టు క్రిస్మస్’ అని వరసపెట్టి పండగ సినిమాలు వేయడం 2009లో మొదలైంది. అక్టోబరులోనే, అంటే మన దీపావళి మతాబుల వేళకే, వాళ్ల క్రిస్మస్ వచ్చేస్తుంది. 2019లో ఈ చానెల్‌కూ, దాని తోబుట్టువు హాల్‌మార్క్ మూవీస్ అండ్ మిస్టరీస్‌కూ కలిపి 40 కొత్త సినిమాలు వేశారు. ఒక్కోదానికి ఖర్చు 20 లక్షల డాలర్ల చుట్టూ, షూటింగు రమారమి మూడు వారాలు. హాలీవుడ్ లెక్కలో ఇది చిల్లర. కాబట్టి ‘కథ రొటీన్, మొదటి పది నిమిషాల్లోనే క్లైమాక్స్ తెలిసిపోయింది’ అనే ఫిర్యాదును మొదటే తీసేయండి. పట్నంలో ఉద్యోగం చేసే అమ్మాయి చిన్న ఊరికి రావడం, అక్కడ చెక్ చొక్కా వేసుకున్న అబ్బాయి తగలడం, చివరి రెండు నిమిషాల్లో ముద్దు. ఆ చానెల్ పెట్టుకునేవాళ్లు కోరుకునేదే అది. సంక్రాంతి సినిమాలో హీరో గెలిచేశాడని అలిగి బయటికొచ్చేవాళ్లు ఉంటారా?

రెండో కొట్టివేత మంచు. దీని మీద వచ్చినన్ని వెక్కిరింతలు మరి దేని మీదా రావు. ఈ సినిమాల్లో చాలా భాగం కెనడాలో తీస్తారు: వాంకూవర్, దాని పక్కనున్న లాంగ్లీ, ఒంటారియోలో ఆల్మాంట్ లాంటి చిన్న ఊళ్లు. పన్ను రాయితీలు వస్తాయి, అమెరికా డాలరుతో కెనడా డాలర్లు ఎక్కువొస్తాయి. శీతాకాలానికి సినిమా సిద్ధం కావాలంటే చాలావాటిని వేసవిలోనే తీయాలి. అంటే జులై ఎండలో ఉన్ని కోట్లు, మఫ్లర్లు. నేల మీద పరిచేది తెల్లటి పీచు దుప్పటి. దాని మీద కాగితపు తురుము చల్లుతారు. దగ్గరగా కనిపించే చోట ఐసు తురుము పోస్తారు. పైనుంచి పడేది మిషను ఊదే నురగ.

ఒక్కోటీ ఎక్కడ దొరికిపోతుందో చూడండి. దుప్పటి మీద నడిస్తే అడుగుల గుర్తు లోతుగా పడదు, చెట్టు మొదట్లో అంచు లేచి కనిపిస్తుంది. ఐసు తురుము ఎండకు గంటసేపు కూడా ఆగదు, అందుకే ఒక షాట్‌లో తెల్లగా ఉన్న మెట్లు తర్వాతి షాట్‌లో తడిగా ఉంటాయి. నురగ రేకులు కిందికి పడకుండా గాలికి పక్కకీ పైకీ తేలతాయి, కోటు మీద వాలినా కరగవు. అన్నిటికన్నా పెద్ద ఆనవాలు నోటి ఆవిరి: గడ్డకట్టే చలి అంటూ మాట్లాడుకుంటున్న ఇద్దరి నోటి నుంచీ పొగ రాదు. వెనక చెట్లు నిండుగా పచ్చగా ఉంటాయి. ఇంకోటి, జూన్ చివర్లో వాంకూవర్‌లో సూర్యుడు రాత్రి తొమ్మిది దాటాక గానీ అస్తమించడు. ఊళ్లో పెద్ద చెట్టుకు దీపాలు వెలిగించే రాత్రి సీను తీయడానికి దొరికేవి నాలుగైదు గంటలే. ఆ సీన్లు హడావిడిగా, జనం పలచగా ఉంటే కారణం దర్శకుడి బద్ధకం కాదు.

కాఫీ కప్పులు ఖాళీగా ఊగుతున్నాయన్నదీ ఈ కోవలోదే. నిండు కప్పు ఒలికితే కోటు పాడవుతుంది, మళ్లీ తీయడానికి టైమ్ ఉండదు. నటులు కప్పుకు బరువున్నట్టు పట్టుకోవచ్చు కదా అంటే, అది న్యాయమైన మాటే.

పాటల మీద ఫిర్యాదుకు కారణం హక్కులు. ప్రతి సినిమాలోనూ ‘జింగిల్ బెల్స్’, ‘డెక్ ది హాల్స్’, ‘సైలెంట్ నైట్’ తప్ప ఇంకేమీ లేవా అని విసుక్కుంటారు. ‘సైలెంట్ నైట్’ 1818 నాటిది, ‘జింగిల్ బెల్స్’ 1857 నాటిది, ఎవరికీ పైసా కట్టక్కర్లేదు. 1942 నాటి ‘వైట్ క్రిస్మస్’ పెట్టుకోవాలంటే మాత్రం ఇప్పటికీ హక్కులు కొనాల్సిందే.

ఇక అసలు గమనించాల్సింది స్క్రిప్టు కట్టుబడి. చానెల్‌లో స్లాటు రెండు గంటలు, ప్రకటనలు తీసేస్తే సినిమా దాదాపు 84 నిమిషాలు. స్క్రిప్టును తొమ్మిది యాక్టులుగా, అంటే అంకాలుగా రాస్తారు, యాక్టుకూ యాక్టుకూ మధ్య ప్రకటనలు. మొదటి యాక్టు అన్నిటికన్నా పొడవు, జనం రిమోట్ మీద చెయ్యి వేయకూడదని. బ్రేక్ తర్వాత వచ్చే మొదటి డైలాగుకు ఒక పని ఉంటుంది: వంటింట్లోకి వెళ్లొచ్చినవాళ్లకు ‘అంటే క్రిస్మస్ ఈవ్ లోపల బేకరీ అమ్మకపోతే...’ అని కథ గుర్తు చేయడం. టీవీలో ఇది తెలియదు. అదే ఓటీటీలో ప్రకటనలు లేకుండా చూస్తే నిమిషం క్రితం విన్నదే మళ్లీ వినిపిస్తుంది. ‘చెప్పిందే చెప్తున్నారు, సాగదీశారు’ అని రాసేవాళ్లు ఎక్కువగా ఇలా చూసినవాళ్లే. మీరు ప్రకటనలతో చూసేట్టయితే ఆ మాటను సగానికి తగ్గించుకోండి.

ఇప్పుడు కొట్టేయకూడనివి. మొదటిది, ఏడో యాక్టు చివరో ఎనిమిదో యాక్టులోనో వచ్చే అపార్థం. 84 నిమిషాల లెక్కలో అరవై అయిదు, డెబ్బై నిమిషాల దగ్గర. ఇద్దరూ విడిపోవాలి కాబట్టి ఏదో ఒకటి జరుగుతుంది. దానికి అసలు కారణం ఉందా (ఆమెకు న్యూయార్క్‌లో ఉద్యోగం, అతను ఊరు వదల్లేడు), లేక తలుపు చాటున సగం మాట విని వెళ్లిపోయిందా? ‘ఒక్క మాట అడిగుంటే అయిపోయేది’ అని ముగ్గురు నలుగురు వేర్వేరుగా రాశారంటే స్క్రిప్టు నిజంగానే బలహీనం. రెండోది కెమిస్ట్రీ లేదన్నది. ఒకరు అంటే అభిరుచి, పదిమందిలో ముగ్గురంటే నమ్మాలి. ముఖ్యంగా ఆ నటుడి వేరే సినిమాలను మెచ్చుకుంటూ, ఇందులో మాత్రం హీరోయిన్‌కు అన్నయ్యలా ఉన్నాడని రాస్తే ఇక చర్చే లేదు. మూడోది ధ్వని: మాటలు పెదవులకు అతకడం లేదు, సంగీతం మాటల్ని మింగేస్తోంది అంటే అది ఆ సినిమా పోస్ట్ ప్రొడక్షన్‌లో జరిగిన హడావిడి.

ఫోను చూసుకుంటూ చూశాను, నిద్రపోయాను అని రాసేవాళ్ల మీద ఒక మాట. ఇది తిట్టు అని చాలామంది అనుకుంటారు. ఈ సినిమాలను పక్కన పెట్టుకుని చెట్టు అలంకరించుకునేవాళ్లు, పిల్లల బహుమతులకు కాగితం చుట్టేవాళ్లు ఎక్కువ. వాళ్ల భాషలో అది మెచ్చుకోలే.

అంకెల సంగతి. ఐఎండీబీ చూపించేది మామూలు సగటు కాదు, ఓట్లకు తూకం వేసి లెక్కగట్టినది. హాల్‌మార్క్ సినిమాలు ఎక్కువగా 5.5కూ 7కూ మధ్య పడతాయి. థియేటర్ సినిమాతో పోల్చి 6.3 అంటే యావరేజ్ అనుకోకండి, ఇక్కడ అది బాగున్నట్టే. అంకె మీద నొక్కితే ఏ మార్కుకు ఎన్ని ఓట్లో గీతలుగా వస్తాయి. 6, 7 గీతలు పొడవుగా ఉండి రెండు వైపులా తగ్గితే మామూలు తీర్పు. 10, 1 రెండూ లేచి నిలబడి మధ్యలో లోయ ఉంటే అక్కడ సినిమా కాక వేరే తగవు నడుస్తోంది.

ఆ తగవు ఏమిటో కూడా తెలిసుండాలి. 2019 డిసెంబరులో ఇద్దరు పెళ్లికూతుళ్లు ముద్దు పెట్టుకునే ఒక ప్రకటనను చానెల్ ఆపేసి, గోల అయ్యాక మళ్లీ వేస్తామంది. తర్వాతి నెలలో సీఈఓ బిల్ అబాట్ వెళ్లిపోయారు. 2020 నుంచి స్వలింగ జంటల పాత్రలు ముఖ్యంగా రావడం మొదలైంది. అబాట్ 2021లో వేరే చానెల్‌ను చేతిలోకి తీసుకున్నారు, అదే ఇప్పటి గ్రేట్ అమెరికన్ ఫ్యామిలీ. హాల్‌మార్క్ క్రిస్మస్ సినిమాల్లో పేరున్న నటి క్యాండేస్ కామెరాన్ బ్యూరే 2022లో అక్కడికి మారారు. అప్పటినుంచి రెండు చానెళ్ల సినిమాలకూ, సినిమా గురించి ఒక్క ముక్కా లేని 1లూ 10లూ పడుతుంటాయి. కథలోని ఒక్క సీను పేరైనా లేని రివ్యూను దాటేయండి.

మీ సినిమాకు వద్దాం. ‘ఎ బిల్ట్‌మోర్ క్రిస్మస్’ ఈ కొట్టివేతల్లో సగం నుంచి తప్పించుకుంటుంది, అదే దాని గొప్ప. బిల్ట్‌మోర్ అంటే అమెరికాలోని నార్త్ కరోలినాలో ఆష్‌విల్ దగ్గర జార్జ్ వాండర్‌బిల్ట్ 1895లో పూర్తిచేసిన 250 గదుల భవంతి. అదే రాష్ట్రంలోని షార్లెట్‌లో ఉండే తెలుగువాళ్లకు కారులో రెండు గంటల దూరం. సెట్టు కాదు, నిజంగా ఆ ఇంట్లోనే తీశారు. 1947 నాటి సినిమాను రీమేక్ చేస్తున్న రచయిత్రి ఆ ఇంటికి వస్తుంది, ఇసుక గడియారం ఒకటి తిరగబడి 1947 షూటింగులోకి వెళ్లిపోతుంది, ఆ సినిమా హీరోతో ప్రేమలో పడుతుంది. బెథనీ జాయ్ లెంజ్, క్రిస్టఫర్ పొలాహా జంట. మధ్య మార్కులు ఇచ్చినవాళ్లు మెచ్చుకునేవి ఇల్లు, 1940ల దుస్తులు, అప్పటి హీరోల మాటతీరును పొలాహా పట్టుకోవడం. తిట్టేది కాలప్రయాణం లెక్కల్ని: గతాన్ని మారిస్తే ఇప్పటిది ఎందుకు మారలేదని. ఇది ఈ సినిమాకే చెందిన ఫిర్యాదు, కాబట్టి లెక్కలోకి తీసుకోండి. మీ ఇంట్లో ‘ఆదిత్య 369’ చూస్తూ కూడా లాజిక్ అడిగేవాళ్లుంటే వాళ్లు ఇక్కడా అడుగుతారు. అంతరిక్ష సీరియల్ స్టార్‌ట్రెక్ నటులు జొనాథన్ ఫ్రేక్స్, రాబర్ట్ పికార్డో ఇందులో ఉన్నారు కాబట్టి ఆ అభిమానులు కూడా వచ్చి మార్కులు వేసి ఉండొచ్చు, అవి పక్కన పెట్టొచ్చు.

పెద్దవాళ్లు పక్కనుంటే రిమోట్ వెతుక్కోవాల్సిన సీన్లు ఈ చానెల్ సినిమాల్లో దాదాపు ఉండవు, టీవీ-జి (అందరూ చూడొచ్చు) లేదా టీవీ-పీజీ (పిల్లలైతే పెద్దలు ఓ కన్నేయాలి) రేటింగే ఉంటుంది. అయితే మీ ఇంట్లో చర్చికి వెళ్లే క్రైస్తవులుంటే ఒకటి ముందే చెప్పండి: నక్షత్రం కట్టడం, కేరల్స్ రౌండ్స్, అర్ధరాత్రి ఆరాధన ఆశించి కూర్చుంటే నిరాశే. ఇక్కడి క్రిస్మస్‌లో కుకీలు, చెట్టు, శాంటా తప్ప యేసు పుట్టుక చాలా అరుదు.

చివరగా, స్పాయిలర్ (కథ ముందే చెప్పేసేది) అని గుర్తు పెట్టిన రివ్యూలు. మిగతా హాల్‌మార్క్ సినిమాలకు వాటిని నిశ్చింతగా తెరవండి, సినిమాలోని అసలు లోపాలు వివరంగా ఉండేది వాటిలోనే, ముగింపు ఎలాగూ తెలిసిందే. దీనికి మాత్రం తెరవకండి. ఇద్దరూ కలుస్తారా అన్నది కాదు, ఏ కాలంలో కలుస్తారన్నది ఇందులో ప్రశ్న.