బుష్‌ల సంగతి తర్వాత, ముందు బండిని ముట్టుకోకండి

ప్రశ్న: మాది తిరుపతి. నేను ప్రభుత్వ టీచర్‌ని. నా కారు స్టీరింగ్ మెత్తగా, కాస్త ఆలస్యంగా పలుకుతోందని 2024 ఆగస్టు 11న రేణిగుంట రోడ్డులో ఒక గ్యారేజీలో స్టీరింగ్ రాక్‌ను (చక్రాలను తిప్పే కడ్డీ భాగం) పట్టి ఉంచే రబ్బరు బుష్‌లు తీయించి, గట్టి పీయూ (పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్) బుష్‌లు వేయించాను. 14,500 రూపాయలు అయింది. 9,000 ఫోన్‌లో పంపాను, మిగతాది క్యాష్. బిల్లు తీసుకోలేదు. మొదట్లో స్టీరింగ్ బ్రహ్మాండంగా ఉండేది. మూడు నెలలకు గుంతల్లో టక్ టక్ మని శబ్దం మొదలైంది. వాట్సాప్‌లో గ్యారేజీ అతనికి వాయిస్ మెసేజ్ పెడితే "గట్టి బుష్‌లు కదా సార్, అలవాటైపోతుంది" అన్నాడు. ఈ మే నెలలో కుటుంబంతో మదనపల్లె వెళ్తుంటే భాకరాపేట ఘాట్ మలుపులో బండి సరిగ్గా తిరగక పిట్టగోడను గుద్దింది. నా భార్య మణికట్టు ఎముక విరిగింది. పాప ఇప్పటికీ కారు ఎక్కనంటోంది. రాక్ బోల్టు వదులైంది, రాక్‌ను బిగించే చట్రమైన సబ్‌ఫ్రేమ్‌లో దాని రంధ్రం సాగిపోయింది, బయటి బుష్‌లు వేశారు కాబట్టి వారంటీ రాదు అని సర్వీస్ సెంటర్ వాళ్లు అంటున్నారు. ఎస్టిమేట్ 1,10,000. ఇన్సూరెన్స్ కంపెనీ "బండిలో మార్పులేమైనా చేయించారా" అని లెటర్ పంపింది. తెలిసిన మెకానిక్ ఒకాయన, బండిని తన షెడ్డుకు తెస్తే మళ్లీ రబ్బరు బుష్‌లు వేసి, 2024 తేదీతో బిల్లు కూడా ఇస్తానంటున్నాడు. మేము పడిన క్షోభకు కారు కంపెనీ మీద, గ్యారేజీ మీద కేసు వేయవచ్చా?

జవాబు: మీరు రాసిన నాలుగు పేజీల్లో మూడు పేజీలు ఇంట్లో టెన్షన్ గురించే. అది వినియోగదారుల కమిషన్ ముందు చివర్లో వచ్చే విషయం. లోపం రుజువైతేనే మానసిక క్షోభకు పరిహారం. తేలాల్సింది ఒక్కటే: ఆ బోల్టును చివరిసారిగా విప్పి బిగించింది ఎవరు, అది ఇప్పుడు ఏ స్థితిలో ఉంది? మొదటిదానికి మీ దగ్గర బిల్లు లేదు. రెండోదానికి ఉన్న ఒకే ఒక్క సాక్ష్యాన్ని ఆ తెలిసిన మెకానిక్ చేతికి ఇవ్వబోతున్నారు.

బుష్‌లు మార్చడం తప్పు కాదు. రాక్‌కూ సబ్‌ఫ్రేమ్‌కూ మధ్య రబ్బరు కాస్త కదులుతుంది కాబట్టే స్టీరింగ్ మెత్తగా ఉంటుంది. గట్టి బుష్ ఆ కదలికను ఆపుతుంది, స్టీరింగ్ చురుగ్గా పలుకుతుంది, బదులుగా రోడ్డు అదురు, శబ్దం లోపలికి వస్తాయి. అందుకే "శబ్దం వచ్చింది" అన్న ఒక్క మాట మీద కేసు నడిపితే గ్యారేజీ తరఫు లాయర్ ఒకే వాక్యంతో కొట్టేస్తాడు: గట్టి బుష్‌లు అడిగింది మీరే, వాటి స్వభావమే అంత. వదులైన బోల్టు మాత్రం బుష్ స్వభావం కాదు, బిగింపులో లోపం. రాక్ బోల్టులను కంపెనీ చెప్పిన కొలత ప్రకారం, బిగింపు బలం చూపే టార్క్ రెంచ్‌తో బిగించాలి. బోల్టు వదులుగా ఉంటే ప్రతి గుంతలో కొట్టుకుని, నెలల తరబడి రంధ్రాన్ని కోలగా సాగదీస్తుంది. ప్రమాదంలో ఒక్క దెబ్బకు చిరిగిన రంధ్రం వేరు, అరిగి అరిగి సాగిన రంధ్రం వేరు. చూడటం తెలిసిన ఇంజినీరు అంచులను బట్టి ఆ తేడా చెప్పగలడు. మీ కేసు మొత్తం ఆ అంచుల మీద ఉంది.

అందుకే గట్టిగా చెబుతున్నాను, బండి కదలకూడదు. రబ్బరు బుష్‌లు తిరిగి వేసి, బోల్టు మళ్లీ బిగిస్తే సాక్ష్యాన్ని మీ చేతులతో మీరే చెరిపేసినట్టు. సర్వీస్ సెంటర్ వాళ్లు ఇప్పటికే చూశారు, వాళ్ల ఎస్టిమేట్‌లో బయటి బుష్‌ల మాట ఉంటుంది. ఇక ఆ పాత తేదీ బిల్లు. పని చేసిందే ఆ తెలిసిన మెకానిక్ అని ఆ కాగితం చెబుతుంది కాబట్టి అసలు గ్యారేజీ నవ్వుకుంటూ బయటపడుతుంది. జీఎస్టీ బిల్లయితే వరుస నంబరు, రిటర్నులు దాని వయసు బయటపెడతాయి. దొంగ కాగితం సృష్టించడం, దాన్ని నిజమైనదిగా వాడటం భారతీయ న్యాయ సంహిత సెక్షన్లు 336, 340 కిందికి వస్తాయి. మీరు ప్రభుత్వ ఉద్యోగి. లక్ష రూపాయల రిపేరు కోసం క్రిమినల్ కేసు, దాని వెంట సస్పెన్షన్ తెచ్చుకుంటారా?

కారు కంపెనీని వదిలేయండి. వినియోగదారుల రక్షణ చట్టం 2019లో సెక్షన్ 87 ఉంది: హాని జరిగే నాటికి వస్తువును మార్చి ఉంటే దాన్ని అమ్మినవారి మీద ప్రొడక్ట్ లయబిలిటీ దావా (వస్తువు లోపం వల్ల జరిగిన హానికి పరిహారం అడిగే కేసు) నిలవదు. కంపెనీని ఇరికిస్తే పెద్ద లాయర్లు వచ్చి కేసును ఏళ్లు లాగుతారు, గ్యారేజీ వాళ్ల వెనక దాక్కుంటుంది.

గ్యారేజీ మీద కేసు ఉంది. బిల్లు లేదని దిగులు వద్దు. బిల్లు ఇవ్వకపోవడమే అదే చట్టం సెక్షన్ 2(47) కింద అనుచిత వ్యాపార పద్ధతి. మీరు అడగకపోవడం మాత్రం నిర్లక్ష్యం. చదువు చెప్పే మనిషి, ఐదు వేలు క్యాష్‌గా ఇచ్చి ఒక చీటీ అడగలేకపోయారా? సరే, ఉన్నవి పోగేద్దాం. 9,000 వెళ్లినట్టు బ్యాంకు స్టేట్‌మెంట్ తీసుకోండి. వాట్సాప్ మెసేజ్‌లు "పాత ఫోన్‌లో ఉన్నాయి, అది తమ్ముడి దగ్గర ఉంది" అని చివరి పేజీలో ఒక మూల రాశారు. ఆ ఫోన్ ఈరోజే తెచ్చుకోండి, రీసెట్ చేయనివ్వకండి. స్క్రీన్‌షాట్లు చాలవు. భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 ప్రకారం సర్టిఫికెట్ జతచేసి ఆ మెసేజ్‌లు దాఖలు చేయాలి. "అలవాటైపోతుంది" అన్న ఆ గొంతే, బుష్‌లు తను వేసినట్టు ఒప్పుకున్న సాక్ష్యం.

మీరు రాయని సంగతి ఒకటి అడుగుతాను. రాక్ విప్పిన తర్వాత వీల్ అలైన్‌మెంట్ చేయించారా? చేయిస్తే ఆ షాపువాళ్లు ఇచ్చే ప్రింటవుట్ మీద తేదీ, బండి నంబరు సాధారణంగా ఉంటాయి. డ్యాష్‌బోర్డు అరలో వెతకండి, లేకుంటే వాళ్ల కంప్యూటర్లో దొరకవచ్చు. అలాగే 2024 ఆగస్టు తర్వాత జరిగిన ప్రతి సర్వీసు జాబ్ కార్డు కాపీ అడగండి. మధ్యలో ఇంకెవరైనా రాక్ విప్పారేమో గ్యారేజీ లాయర్ మొదట వెతికేది వాటిలోనే. ఆయన కంటే ముందు మనకు తెలియాలి.

మీకు ఎదురుతిరిగే పాయింటు కూడా వినండి. శబ్దం మొదలయ్యాక ఏడాదిన్నర పాటు అదే బండిలో భార్యాపిల్లలను తిప్పారు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 98వ నిబంధన స్టీరింగ్ గేర్‌ను మంచి స్థితిలో ఉంచాలంటుంది, ఆ బాధ్యత ఓనర్‌ది. పరిహారంలో కొంత కోత పడవచ్చు. మెసేజ్‌లు పెట్టి అడిగారు, ప్రమాదమేం లేదని అతనే నమ్మించాడు అన్నదే దీనికి జవాబు. మళ్లీ ఆ ఫోన్ దగ్గరికే వచ్చాం.

ఇప్పుడు గడువు. వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 69 ప్రకారం ఫిర్యాదుకు కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లు. ప్రమాదం మేలో జరిగింది కాబట్టి 2028 దాకా టైముందని మీ మిత్రులు చెప్పారట. అవతలివాళ్లు బుష్‌లు వేసిన రోజు నుంచే లెక్కిస్తారు. ఆ లెక్కన 2026 ఆగస్టు 10 దాటనివ్వకండి. మీ ఉత్తరం నాకు చేరేసరికి జులై వచ్చేసింది. లీగల్ నోటీసు ఇచ్చినంత మాత్రాన గడువు పెరగదు. ఆలస్యాన్ని మన్నించమని అడిగే వీలుంది గానీ, చేతిలో టైముండగా ఆ దారి ఎందుకు?

ఈ వారంలోనే సర్వీస్ సెంటర్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి: రాక్, బోల్టులు, సబ్‌ఫ్రేమ్ విప్పవద్దు, పార్టులు పారేయవద్దు. గ్యారేజీకి రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపి, ఫలానా రోజు అందరి ముందూ తనిఖీ, రమ్మని పిలవండి. రాకపోయినా నోటీసు రికార్డులో ఉంటుంది. ఎస్వీ యూనివర్సిటీ ఇంజినీరింగ్ కాలేజీలో గానీ ఏర్పేడు దగ్గర ఐఐటీలో గానీ మెకానికల్ విభాగం వారిని అడిగి, ఒప్పుకుంటే రిపోర్టు, అఫిడవిట్ తీసుకోండి. ఆ తర్వాత తిరుపతి వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే వేయవచ్చు, మీరు చెల్లించింది 5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. ఫిర్యాదుతోనే రెండు పిటిషన్లు పెట్టండి: పార్టులను ల్యాబ్‌కు పంపమని సెక్షన్ 38(2)(సి) కింద ఒకటి, అంతవరకు బండిని ఉన్నదున్నట్టు ఉంచమని సెక్షన్ 38(8) కింద మరొకటి.

ఇన్సూరెన్స్ లెటర్‌కు నిజమే రాయండి: ఫలానా తేదీన స్టీరింగ్ రాక్ బుష్‌లు మార్పించాను. అంతే, వ్యాఖ్యానం వద్దు. ఆర్‌సీలో నమోదైన వివరమేదీ దీనివల్ల మారదు కాబట్టి, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చెప్పే మార్పు ఇది కాదని మన వాదన. షరతు ఉల్లంఘన అన్నా, క్లెయిమ్ మొత్తం కొట్టేయకుండా నాన్-స్టాండర్డ్ పద్ధతిలో, అంటే కొంత కోసి మిగతాది ఇచ్చి, తేల్చవచ్చని సుప్రీంకోర్టు 2010లో అమలేందు సాహూ కేసులో చెప్పింది. అబద్ధం రాశారంటే ఈ వాదనలేవీ మిగలవు. తిరస్కరిస్తే ఏడాదిలోపు ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు.

మీ భార్య గాయం వేరే కేసు. అది ఆమె పేరున, ఆమె సంతకంతో మోటారు ప్రమాదాల ట్రైబ్యునల్‌లో వేయాలి, గడువు ప్రమాదం నుంచి ఆరు నెలలు, అంటే నవంబరులోపు. మీది ప్యాకేజీ పాలసీనా, ఒట్టి థర్డ్ పార్టీనా చూసుకోండి, బండిలో ఉన్న ఆమెకు కవర్ ఉందా లేదా అన్నది దాన్నిబట్టే. ఎక్స్‌రే, డిశ్చార్జ్ సమ్మరీ ఒరిజినల్స్ ఇన్సూరెన్స్ ఏజెంటుకు ఇచ్చేయకుండా ఆమె ఫైల్లోనే ఉంచండి.