ముందు విశ్రాంతి, తర్వాత పని

బిడ్డా,

ప్రభువు నామంలో వందనాలు. "రాత్రంతా పడుకున్నా లేచేసరికి అలసట అట్లనే ఉంటుంది పెద్దబాపూ" అని మొన్న అన్నావు. ఆ మాట నన్ను వదల్లేదు. ఫోన్ చేస్తే వంట చేసుకుంటూ వింటావు, అందుకే రాస్తున్నా.

30 ఏళ్లకు పైగా కాజీపేట నుంచి రైలు బండి నడిపాను. ఎనిమిది గంటలో అంతకన్నా ఎక్కువో డ్యూటీ చేసి దిగితే ఇంటి దగ్గర 16 గంటలు రెస్ట్ ఇవ్వాలని రూలు. కునుకు పట్టిన కళ్లకు సిగ్నల్ ఆనదు కదా. కానీ ఒక ఏడాది, అప్పులు మీద పడ్డప్పుడు, ఆ 16 గంటలూ మంచం మీదే ఉన్నా మనసు మాత్రం ఇంజన్ దిగేది కాదు. బల్లార్షాలో డ్రైవర్లు పడుకునే రన్నింగ్ రూమ్‌లో ఒక రాత్రి నిద్ర పట్టక, లైన్ బాక్సులోంచి బైబిల్ తీశాను. మత్తయి 11:28. సండే స్కూల్లో కంఠత పెట్టిన వాక్యమే. "నా యొద్దకు రండి, నేను మీకు విశ్రాంతి కలుగజేతును." కలుగజేసేది ఆయన. నేనేమో అప్పులన్నీ తీరాక దాన్ని సంపాదించుకుందామని చూస్తున్నాను. ఆ రాత్రి ఏమీ అడగలేదు. ఎంత అప్పు ఉందో, ఎవరికి ఎంత ఇవ్వాలో ఒక్కొక్కటే ఆయనకు చెప్పి పడుకున్నాను. తెల్లారి అప్పు అంతే ఉంది, కానీ నేను నిద్రపోయాను.

నువ్వూ అట్లనే చెయ్యి. పొద్దున ఫోన్ ముట్టకముందు పది నిమిషాలు వెనక గడప మీద కూర్చో. అధ్యాయం మొత్తం వద్దు, ఒక్క వాక్యం చాలు. దాన్నే బస్సులో, స్టాఫ్ రూమ్‌లో మళ్లీ మళ్లీ తలుచుకో. ప్రార్థనలో మాటలు దొరకని రోజు ఊరికే కూర్చో. అదీ ప్రార్థనే.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకు. నీ అలసటలో సగం స్కూలుది కాదు, సంఘానిది. ఆదివారం పాటల బృందం, సండే స్కూలు, బుధవారం స్త్రీల కూటం, శుక్రవారం ఇంటింటి ప్రార్థన. అన్నీ మంచివే, కానీ అన్నీ నువ్వే చేయనక్కర్లేదు. పాస్టర్ అయ్యగారితో మాట్లాడి ఒకటి వేరేవాళ్లకు అప్పజెప్పు. ఏలీయా ప్రవక్త అలిసిపోయి చావు కోరుకుంటే దేవదూత ప్రసంగం చేయలేదు. లేపి, రొట్టె పెట్టి, నీళ్లిచ్చి, మళ్లీ పడుకోనిచ్చాడు. తర్వాత ఇంకోసారి లేపి తినమన్నాడు! దేవుని సేవకుడికి కూడా ముందు తిండి, నిద్రే కావాల్సి వచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం వారం బట్టలు ఉతకడం మానెయ్యి. శనివారం అల్లుడూ నువ్వూ కలిసి సగం సగం చేసుకోండి. నాలుగో ఆజ్ఞలో దాసదాసీలకూ, పశువులకూ కూడా విశ్రాంతి ఉంది చూడు. మీ ఇంట్లో గిన్నెలు తోమే ఆమెకు జీతం కోయకుండా వారానికో రోజు సెలవు ఇవ్వు. ఇది నేను గట్టిగానే చెబుతున్నా.

సాయంత్రం వీలైతే వడ్డేపల్లి చెరువు కట్ట మీద పిల్లలతో నడువు. ఏడాదికి ఒకసారి డోర్నకల్ వెళ్లండి, రైల్లో. 1939లో ప్రతిష్ఠించిన ఎపిఫనీ కెథడ్రల్ ఉంది అక్కడ, అజరయ్య బిషప్ కట్టించింది. ఆరాధన లేని రోజు వెళ్లి లోపల కూర్చో. మీ పెద్దమ్మా నేనూ అక్కడ గంటసేపు ఒక్క మాట మాట్లాడుకోకుండా కూర్చున్న రోజులున్నాయి.

ఈ శనివారం రాత్రి పిల్లల్ని మా దగ్గర దింపు. పెద్దమ్మ అప్పుడే సర్వపిండికి బియ్యప్పిండి పట్టించింది. నువ్వు తొమ్మిదింటికే పడుకో. ఆదివారం వాళ్లను తయారుచేసి గుడికి మేమే తీసుకొస్తాం.

ప్రార్థనలతో,
మీ పెద్దబాపు