ఒంట్లో బాగున్న రోజు కూడా వేసుకో, అబ్బయా

కావలి

చి. అబ్బయ్యకు పెద్దమ్మ ఆశీస్సులు.

నీకొచ్చిందీ నాకున్నదీ ఒకటే జబ్బు, సీఎంఎల్, అంటే తెల్లకణాలు అదుపు లేకుండా పెరిగే ఒక రకం రక్తక్యాన్సర్. నీ చీటీలో రాసిందీ నేను ఇన్నేళ్ళుగా మింగుతున్నదీ ఒకటే మాత్ర, ఇమాటినిబ్ 400. డాక్టరు గారు బయట క్యూ చూసుకుని గబగబా చెప్పి పంపించినవి నేను తీరిగ్గా చెబుతా, కూర్చుని చదువు. మొన్న ఫోన్‌లో "క్యాన్సర్ అన్నారు, తీరా చూస్తే రోజుకొక మాత్రేనా పెద్దమ్మా" అని నవ్వావు. నువ్వు నవ్వినందుకు సంతోషమే గానీ నాకు భయమేసింది కూడా ఆ మాటకే.

సెలైన్‌లో ఎక్కించే మందైతే నర్సమ్మ వస్తుంది, పేరు అడుగుతుంది, బీపీ చూస్తుంది, సీసా మీద రాసింది చదువుతుంది. ఈ మందుకు ఆ పనులన్నీ నువ్వే చేసుకోవాలి. వేసుకున్నావా లేదా అని అడిగేవాళ్ళుండరు. పైగా కొన్ని వారాల్లోనే తెల్లకణాల కౌంట్లు దిగొస్తాయి, వాచిన ప్లీహం తగ్గి పొట్ట తేలికపడుతుంది, ఆకలేస్తుంది, అసలు జబ్బే లేనట్టుంటుంది. మాత్రలు తప్పడం సరిగ్గా అప్పుడే మొదలవుతుంది. బాధలు ఓర్చుకోలేక మానేసినవాళ్ళకంటే, బాగుందిలే అని వదిలేసినవాళ్ళనే నేను ఎక్కువగా చూశాను.

రోజూ ఎందుకు వేసుకోవాలో తెలిస్తే నీకే పట్టుదల వస్తుంది. మన కణాల్లో 9వ నంబరు, 22వ నంబరు క్రోమోజోములు తెగి, ఒకదాని ముక్క ఇంకొకదానికి అతుక్కోవడం వల్ల వచ్చే జబ్బు ఇది. ఆ వంకర క్రోమోజోమును 1960లో అమెరికాలో ఫిలడెల్ఫియా ఊళ్ళో కనిపెట్టారు, అందుకే నీ రిపోర్టులో ఆ ఊరి పేరుంది. ఆ అతుకులోంచి ఒక ప్రొటీన్ తయారై తెల్లకణాలను ఆగకుండా పెరగమని తరుముతుంది. ఇమాటినిబ్ వెళ్ళి ఆ ప్రొటీన్‌కు అడ్డం పడుతుంది, చేసేది అంతే. రక్తంలో మందు పలచబడితే ఆ అడ్డు తొలగిపోతుంది. 2001లో ఈ మందుకు అమెరికాలో అనుమతి రాకముందు ఈ జబ్బు వచ్చినవాళ్ళకు డాక్టర్లు చెప్పే మాటలు వేరేగా ఉండేవి, అవి నీకెందుకు.

లండన్‌లో కొందరు డాక్టర్లు మాత్రల సీసా మూతలోనే చిన్న యంత్రం పెట్టి, రోగి సీసా ఎప్పుడెప్పుడు తెరుస్తున్నాడో లెక్కగట్టారు. 2010లో ఆ ఫలితాలు బయటపెట్టారు. నూటికి తొంభై పాళ్ళయినా వేసుకోనివాళ్ళలో జబ్బు కోరుకున్నంత కిందికి దిగినవాళ్ళు చాలా తక్కువ. తొంభై పాళ్ళంటే నెలకు మూడు మాత్రలు తప్పినట్టు, అంతే. మూడు పెద్ద లెక్కా అనిపిస్తుంది కదా? పండక్కి ఊరెళ్ళి ఒకటి, చెరువు దగ్గర రాత్రంతా మేలుకుని ఒకటి, స్ట్రిప్ అయిపోయి ఒకటి. మూడూ అయిపోయాయి.

ఇక వేసుకునే పద్ధతి. కడుపు నిండా తిన్నాకే, పెద్ద గ్లాసు నిండా నీళ్ళతో. ఖాళీ కడుపున వేసుకుంటే వాంతి వచ్చినట్టుంటుంది, పొట్టలో మంట. మింగిన వెంటనే నడుం వాల్చొద్దు. మీ రొయ్యల చెరువుల దగ్గర పొద్దున టిఫిన్‌కు వేళాపాళా ఉండదు, రాత్రిళ్ళు ఏరేటర్ల కాపలా. నాకు తెలిసి నీ రోజులో వేళకు జరిగేది మధ్యాహ్నం క్యారియర్ రావడం ఒక్కటే. ఆ అన్నం తిన్నాకే వేసుకో. ఆ పూట మాత్ర ఒక్కటీ స్ట్రిప్ ముక్క కత్తిరించి క్యారియర్ సంచిలో పెట్టమని కోడలమ్మాయికి చెప్పు. సాయంత్రం ఖాళీ రేకు తిరిగి ఇంటికి రావాలి. అట్టా చేస్తే నీ జ్ఞాపకం మీద ఆధారపడే పని తప్పుతుంది.

మిగతా స్ట్రిప్పులు ఇంట్లోనే, లోపలి గదిలో, నీడన ఉండాలి. ముప్పై డిగ్రీలు దాటని చోట ఉంచమని కంపెనీవాళ్ళు రాస్తారు. మే నెలలో మన వైపు ఎండ నలభై దాటుతుంది. చెరువు గట్టు మీద రేకుల షెడ్డు, బండి డిక్కీ ఈ మందుకు పనికిరావు. మాత్రను ఊరికే చితక్కొట్టొద్దు. మింగలేని రోజుంటే 400 మాత్రను గ్లాసెడు నీళ్ళలో వేసి, కరిగాక కలిపి వెంటనే తాగెయ్యొచ్చు. చితికిన మాత్ర పొడిని గర్భిణీలు ముట్టుకోకూడదు. మీరు పిల్లల కోసం అనుకుంటున్నారని మీ అమ్మ చెప్పింది. సిగ్గుపడకుండా ఆ మాట ముందే డాక్టరు గారితో అను. ఈ మాత్ర వాడేది ఆడపిల్లయితే ఆ కాలంలో గర్భం రాకూడదు, పాలివ్వకూడదు. నీ విషయంలో ఏం చెయ్యాలో ఆయన చెబుతారు.

ఒకపూట మర్చిపోతే అదే రోజు గుర్తొచ్చినప్పుడు ఏదైనా తిని వేసుకో. మర్నాటి వేళ దగ్గర పడిపోయి ఉంటే దాన్ని వదిలెయ్. రెండూ కలిపి మాత్రం ఎప్పుడూ వేసుకోవద్దు. మింగాక వాంతయితే ఇంకొకటి వేసుకోకుండా ఫోన్ చేసి అడుగు.

మందుల షాపులో ఒక సంగతి జాగ్రత్తగా చూడు. ఈ మాత్ర 100 లోనూ వస్తుంది, 400 లోనూ వస్తుంది. 400 లేదని 100 స్ట్రిప్పులిస్తే నాలుగు వేసుకోవాలి. అలవాటు కొద్దీ ఒకటే వేసుకునేవాళ్ళున్నారు. పావు మందుతో నెల గడిచిపోతుంది, ఎవరికీ తెలియదు. కంపెనీ పేరు మారిందని కంగారుపడకు, లోపల రాసిన మందు పేరు, మిల్లీగ్రాములు సరిపోతే చాలు. మారిన సంగతి మాత్రం డాక్టరు గారికి చెప్పు. ఒకప్పుడు విదేశీ కంపెనీ మందుకు నెలకు లక్షకు పైగా అయ్యేది. మన హైదరాబాద్ కంపెనీతో సహా ఇక్కడివాళ్ళు అందులో పదోవంతు ధరకు తయారుచేశారు. ఆ విదేశీ కంపెనీ పేటెంటు కోసం సుప్రీంకోర్టుదాకా వెళ్ళి 2013 ఏప్రిల్ 1న ఓడిపోయింది. ఆ తీర్పు పుణ్యమే మనబోటివాళ్ళకు దక్కింది. నీకు కార్డుంది కదా, ఆరోగ్యశ్రీ అనో ఎన్టీఆర్ వైద్యసేవ అనో, ఆసుపత్రిలో ఆ డెస్క్ దగ్గర అడిగి రాయించుకో, మొహమాటపడకు.

స్ట్రిప్ అయిపోయే రోజున షాపుకి వెళ్ళేవాడివి కావద్దు. పదిహేను రోజుల మందు ఎప్పుడూ ఇంట్లో ముందుండాలి. 2021 నవంబర్లో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు కట్ట కోసుకుపోయి, హైవే కూడా తెగి, నెల్లూరు దాటి చెన్నై వెళ్ళే దారే లేకుండా పోయింది గుర్తుందా? మన తీరానికి వాయుగుండాలు కొత్త కాదు.

ఈ మాత్రతో వచ్చే ఇబ్బందులు చెబుతా, చూసి బెదిరిపోకుండా ఉండేందుకే. పొద్దున లేచేసరికి కళ్ళ కింద, రెప్పల మీద వాపు. రాత్రిళ్ళు పిక్కలు పట్టెయ్యడం. కొంచెం విరేచనాలు. కొందరికి ఒళ్ళు తెల్లబడుతుంది. మా వీధిలో ఆడవాళ్ళు "ఏం క్రీము రాస్తన్నావక్కా" అని అడిగేవాళ్ళు నన్ను, ఏం చెప్పను! అట్టా రంగు తగ్గిన చర్మానికి ఎండ తట్టుకునే శక్తి తక్కువ, గట్టు మీద తిరిగేటప్పుడు టోపీ, పొడుగు చేతుల చొక్కా వేసుకో. ఇవన్నీ చాలామందికి ఓర్చుకోగలిగినవే, చెబితే మందులున్నాయి. వారానికొకసారి ఒకే కాటా మీద బరువు చూసుకుని రాసిపెట్టు. కొద్ది రోజుల్లోనే రెండు కిలోలు పెరిగితే అది కొవ్వు కాదు, నీరు. దాంతోపాటు ఆయాసం వస్తే ఆరోజే వెళ్ళు. నూట ఒకటికి దగ్గరగా జ్వరం, ఎక్కడన్నా రక్తం కారడం, నల్లటి విరేచనం, కళ్ళు పచ్చబడటం, ఒంటినిండా పొక్కులు, వీటిలో ఏది వచ్చినా తెల్లారనిద్దాం అనుకోవద్దు.

మొదటి నెల వారం వారం రక్తపరీక్ష ఉంటుంది, రెండో నెల పదిహేను రోజులకొకసారి, ఆ తర్వాత దూరం పెరుగుతుంది. న్యూట్రోఫిల్స్ అనే ఒక రకం తెల్లకణాలు వెయ్యి కంటే, ప్లేట్‌లెట్లు యాభై వేల కంటే తగ్గితే డాక్టర్లే కొన్నాళ్ళు మాత్ర ఆపించి, కోలుకున్నాక మళ్ళీ మొదలుపెట్టిస్తారు. ఆపమనేదీ, మొదలుపెట్టమనేదీ ఆయనే. నువ్వు కాదు, మీ మామ కాదు.

మూడు నెలలకొకసారి రాసే పీసీఆర్ పరీక్ష ఖరీదు చూసి ఎగ్గొట్టాలనిపిస్తుంది. రొయ్య బాగా మేస్తున్నప్పుడు కూడా మేత చూసే చెక్‌ట్రే పైకి లాగి చూస్తావు కదా, ఎందుకు? పైకి నీళ్ళు తేటగానే ఉంటాయి గనక. ఇదీ అంతే. మామూలు రక్తపరీక్షలో అంతా సరిగ్గా కనిపించినా లోపల ఎంత మిగిలిందో పీసీఆరే చెబుతుంది. ఆ మిగిలిన జబ్బు కొలత మూడో నెలకు 10 శాతం లోపు, ఆరో నెలకు 1 శాతం లోపు, ఏడాదికి 0.1 శాతం లోపు రావాలని చూస్తారు. ఒకే ల్యాబ్‌లో చేయించు, రిపోర్టు మీద ఐఎస్ అని, అంటే ఇంటర్నేషనల్ స్కేల్ అని, ఉందో లేదో చూడు, లేకపోతే పాతదీ కొత్తదీ పోల్చుకోవడం కుదరదు. అంకె దిగకపోతే నిన్ను అడిగే మొదటి ప్రశ్న మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నావా అనే. నిజం చెప్పు. తప్పినవి దాచిపెడితే ఈ మందు పనిచెయ్యలేదనుకుని ఇంకో మందుకు మారుస్తారు. అసలేమీ కనిపించలేదని రిపోర్టు వచ్చినా మానెయ్యకు. ఏళ్ళ తరబడి అట్టా నిలిచినవాళ్ళలో కొందరికి ఆపి చూస్తున్నారు గానీ, నెలనెలా పీసీఆర్ చూస్తూ డాక్టర్లే చేసే పని అది.

నా అసలు భయం నీ మాత్ర గురించి కాదు, దానిమీద నువ్వు వేసుకోబోయే వేరే మందుల గురించి. కొన్ని దీన్ని రక్తంలో పెంచేస్తాయి, కొన్ని తగ్గించేస్తాయి. క్షయకిచ్చే రిఫాంపిసిన్, ఫిట్స్‌కిచ్చే ఫెనిటాయిన్, కార్బమజెపిన్ తగ్గిస్తాయి. ఊళ్ళో ఆర్‌ఎంపీలు జ్వరానికీ దద్దుర్లకూ పొడిచే డెక్సా సూది కూడా ఆ జాతిదే. ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్, ఫంగస్‌కిచ్చే ఇట్రాకొనజోల్ పెంచుతాయి. ఈ పేర్లన్నీ కంఠస్థం చెయ్యనక్కర్లేదు. "నేను ఇమాటినిబ్ వాడుతున్నా" అని కాగితం మీద రాసి పర్సులో పెట్టుకో, పన్ను పీకించుకోవడానికెళ్ళినా అదే చూపించు. మీ అత్తగారిది కనిగిరి వైపు. ఫ్లోరైడ్ నీళ్ళ దెబ్బకు ఆ ఇళ్ళలో నొప్పి మాత్రలు బియ్యం డబ్బా పక్కనే ఉంటాయి. పిక్క పట్టిందని చెప్పగానే ప్రేమతో ఒకటి చేతిలో పెడతారు. తీసుకోవద్దు. ప్లేట్‌లెట్లు తక్కువున్నప్పుడు వాటితో రక్తం కారే ప్రమాదముంది. పారాసెటమాల్ కూడా ఎంత వేసుకోవచ్చో అడిగాకే.

ఇంక ఆకుపసర్లు. మన జిల్లాలో నాటుమందు మీద నమ్మకం ఎంతో 2021లో కరోనా మందు కోసం కృష్ణపట్నం రోడ్డు నిండిన జనాన్ని చూస్తే తెలిసింది. నేను ఎవర్నీ తప్పుపట్టను. కానీ ఏ ఆకులో ఏముందో, అది ఈ మాత్రతో కలిస్తే లివర్ ఏమవుతుందో లెక్క రాసినవాళ్ళు లేరు. ఎవరన్నా తెచ్చిస్తే దండం పెట్టి పక్కన పెట్టు. పండ్లలో గ్రేప్‌ఫ్రూట్ వద్దంటారు. అది ద్రాక్ష కాదు, మన పంపరపనసకు చుట్టం, కాబట్టి పంపరపనస కూడా మానెయ్. దబ్బకాయ సంగతి అడిగి తెలుసుకో. అన్నంలోకి పిండుకునే నిమ్మకాయకు నన్నెవరూ వద్దనలేదు. చేపల పులుసు శుభ్రంగా తిను.

ఆసుపత్రి వరండాలో ఇదే జబ్బున్నవాళ్ళు కలుస్తారు, కబుర్లు బాగుంటాయి, వాళ్ళ పద్ధతి మాత్రం ఇంటికి తెచ్చుకోకు. ఇదే జబ్బుకిచ్చే వేరే మందులు, నిలోటినిబ్ క్యాప్సూల్స్ వాడేవాళ్ళు ఖాళీ కడుపునే వేసుకోవాలి. దసాటినిబ్ వాడేవాళ్ళకు గ్యాస్ మాత్రలతో పేచీ. మాత్ర మారితే నియమాలన్నీ మారిపోతాయి.

అయ్యప్ప మాల గురించి అడిగావు. ఈ కార్తీకానికి నీకు మందు మొదలై నాలుగు నెలలు కూడా నిండవు. కౌంట్లు నిలకడగా ఉన్నాయో లేదో చూసి డాక్టరు గారు సరేనంటేనే వేసుకో. ఏకభుక్తమైనా ఇబ్బంది లేదు, మధ్యాహ్నం భిక్ష అయ్యాక మాత్ర వేసుకుంటే వేళ తప్పదు. పూర్తి ఉపవాసం మాత్రం కుదరదని గురుస్వామికి ముందే చెప్పు, వాళ్ళూ అర్థం చేసుకుంటారు. కొండకెళ్ళేటప్పుడు మాత్రలు ఇరుముడిలో కట్టొద్దు, అది మధ్యలో విప్పరు. చేతిసంచిలో వారం రోజులవి ఎక్కువే పెట్టుకో. డాక్టరు గారు ఈ ఏడాది వద్దంటే నాకు ఫోన్ చెయ్, మీ అమ్మతో నేను మాట్లాడతా.

ఇట్లు
మీ పెద్దమ్మ