కొత్త లెన్స్ కొనకండి, ముందు కిటికీ పక్కన కూర్చోండి

లెన్స్ మార్చుకోగల డీఎస్ఎల్ఆర్ కెమెరా కొని రెండు నెలలైంది, ఫోన్‌లో తీసినవే నయంగా ఉన్నాయి, కెమెరాతో వచ్చిన 18-55 లెన్స్ పక్కన పెట్టి ఇంకే లెన్స్ కొనమంటారు అని అడిగారు మీరు. ఏదీ కొనకండి. కనీసం ఆరు నెలల పాటు వద్దు. 2015లో నేనూ సరిగ్గా ఇదే ప్రశ్న పట్టుకుని తిరిగాను కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నాను.

నాది నికాన్ డీ3300. రెండేళ్ళు జీతంలోంచి కొంచెం కొంచెం దాచి కొన్నాను. తోడుగా తమ్ముణ్ణి తీసుకెళ్తే, షాపులో అమ్మే అతను మొదటి నుంచి చివరి దాకా వాడి మొహం చూసే మాట్లాడాడు. కొనేది నేనని రెండుసార్లు చెప్పాక కూడా "మేడమ్‌కి ఇది బరువవుతుందేమో సార్" అన్నాడు. ఆ రోజు బిల్లులో బ్యాగు, ఫిల్టరు, తుడిచే గుడ్డ, ఇంకేవో కలిపి రెండు వేల పైన అదనంగా పడింది, అందులో ఇప్పటికీ నేను వాడేది ఆ గుడ్డ ఒక్కటే. ఇది మీరడగలేదు, కానీ ఇప్పుడు కొనబోయే అమ్మాయిలు ఎవరైనా చదువుతుంటే, మీతో కాకుండా మీ పక్కనవాళ్ళతో మాట్లాడే షాపులోంచి బయటికొచ్చేయండి, ఇంకో షాపు ఉంటుంది.

ఫోన్ ఫోటోలు ఎందుకు నయంగా ఉన్నాయో ముందు చెప్తాను. మీరు ఒకసారి నొక్కితే ఫోన్ చకచకా నాలుగైదు ఫ్రేములు తీసి కలిపేస్తుంది, చీకటిగా ఉన్నచోట వెలుగు పెంచుతుంది, ఎక్కువైనచోట తగ్గిస్తుంది. డీఎస్ఎల్ఆర్ తనంతట తాను ఆ పని చేయదు. మీరు చెప్పిందే తీస్తుంది, చెప్పకపోతే ఆటో మోడ్‌లో తనకు తోచింది తీస్తుంది. మీ కెమెరాలో లోపమేమీ లేదు, ఏం చెప్పాలో మీకింకా తెలియదు, అంతే. లెన్స్ మార్చినా ఆ సంగతి మారదు.

నాకు అది తెలిసింది మంగళగిరిలో. మా పెదనాన్న అక్కడ గుంట మగ్గం మీద నేసేవారు. ఆ ఏడు డిసెంబర్ సెలవులకి కెమెరా మెడలో వేసుకుని వాళ్ళింటికి వెళ్ళాను. మగ్గం మీద తీస్తే అద్భుతంగా వస్తాయని ముందు నుంచీ ఊహించుకున్నాను, నూలు పోగులు, వాటి మధ్య అటూ ఇటూ పరిగెత్తే నాడె, పెదనాన్న చేతులు, అన్నీ ఎదురుగానే ఉన్నాయి కదా. డయల్ ఆటోలో పెట్టి నొక్కాను. లోపల కొంచెం చీకటి కావడంతో ఫ్లాష్ టప్పున పైకి లేచింది. పెదనాన్న కళ్ళు మూసుకున్నారు, ముందున్న పడుగంతా, అంటే నిలువు పోగులన్నీ, సున్నం కొట్టినట్టు తెల్లగా అయిపోయింది, వెనక గోడ నల్లగా. ఫ్లాష్ ఆపేసి మళ్ళీ తీశాను. ఈసారి మనిషి అలికేసినట్టు వచ్చారు. పైగా కెమెరా తనకు దగ్గరగా ఉన్న అచ్చు (పోగుల్ని సర్దే దువ్వెనలాంటిది) మీద ఫోకస్ పట్టింది, మొహం మీద కాదు. అలా నలభై యాభై తీసుంటాను. ఒక్కటీ పనికిరాలేదు. లెన్స్ వల్లే అనుకున్నాను, 50 ఎంఎం లెన్స్ కొనుక్కుని మళ్ళీ వస్తానని పెద్దమ్మతో అన్నాను కూడా.

అది విని పెదనాన్న నాడె ఆపి అడిగారు, "కిటికీలోంచి అంత వెలుతురు వస్తుంటే మళ్ళీ ఆ మెరుపెందుకమ్మా?"

చీకటిగా ఉంది పెదనాన్నా అన్నాను. ఆయన నవ్వి, "చీకటైతే నేనెట్టా నేస్తున్నానే? ఇది ఉత్తరం కిటికీ. ఇటు ఎండ రాదు, వెలుతురే వస్తది. ఎండ పడితే పోగు మెరిసి కన్ను చెదురుద్ది, తెగింది కనపడదు. రేపు పొద్దున తొమ్మిదింటికి రా, అప్పుడు చూడు" అన్నారు.

ఎండ వేరు, వెలుతురు వేరు. నేను చూసిన వీడియోలన్నిటిలో గంటల తరబడి సాఫ్ట్ లైట్, హార్డ్ లైట్ అని చెప్పింది ఇదే. నలభై ఏళ్ళు ఒకే కిటికీ పక్కన కూర్చుని తెగిన పోగులు వెతుక్కున్న మనిషికి వెలుతురు గురించి తెలిసినంత ఏ ఫోటోగ్రఫీ కోర్సు చెప్పేవాళ్ళకీ తెలియదని నా గట్టి నమ్మకం.

మర్నాడు తొమ్మిదింటికి వెళ్ళి గంట సేపు కెమెరా తియ్యకుండా చూస్తూ కూర్చున్నాను. గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటారు కాబట్టి ఆయన నడుము నేల మట్టానికి ఉంటుంది. ముందు రోజు నేను నిలబడి తీసినవన్నీ నడినెత్తి ఫోటోలు. ఈసారి కింద కూర్చుని, కెమెరా ఆయన కళ్ళ ఎత్తుకి దించి పట్టుకున్నాను. కిటికీ నా వెనక కాకుండా పక్కకి వచ్చేలా జరిగాను. ఒక చెంప మీద వెలుతురు, రెండో చెంప మీద నీడ, ముడతలన్నీ విడివిడిగా. ముందు రోజు చూసిన మొహమేనా అనిపించింది.

ఇక కెమెరాలో ఏం మార్చానంటే, డయల్‌ని ఆటో నుంచి 'ఏ' మీదకి తిప్పాను, కెనాన్ అయితే 'ఏవీ' అని ఉంటుంది. అపర్చర్ అంటే లెన్స్ లోపలి రంధ్రం, నంబరు తగ్గేకొద్దీ అది పెద్దదవుతుంది, ఆ నంబరుని లెన్స్ ఎంత తక్కువకి వెళ్తే అంతకి తగ్గించాను. వెలుతురుకి కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే ఐఎస్ఓ 1600. ఫోకస్ పాయింట్లు కెమెరా ఇష్టానికి వదలకుండా, ఉన్న 11లో మధ్యది ఒక్కటే ఎంచుకుని కంటి మీద పెట్టాను, ఆ కెమెరాలో అన్నిటికంటే బాగా పట్టేది అదే. షట్టర్ స్పీడ్, అంటే షట్టర్ తెరుచుకుని ఉండే సమయం, సెకనులో 60వ వంతు వచ్చింది. మొహం స్పష్టంగా, తాడు లాగే చెయ్యి కొంచెం అలికినట్టుగా, నాడె ఒక గీతలాగా.

ఆ గీత నాకు నచ్చలేదు, తప్పనుకుని షట్టర్ 250వ వంతుకి పెంచాను. దానికోసం ఐఎస్ఓ 6400 దాకా పోవాల్సి వచ్చింది, కాస్త ఇసక చల్లినట్టు కూడా వచ్చింది. ఈసారి చెయ్యి కదలకుండా నిలబడింది. కానీ మగ్గం ఆగిపోయినట్టుంది! ఆ రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టుకుని చూసినప్పుడు షట్టర్ స్పీడ్ అంటే ఏమిటో నాకు అర్థమైంది, అంతకుముందు చదివింది మాత్రం బట్టీ. ఆ తర్వాత 30వ వంతుకి దించి, మోచేతులు మోకాళ్ళ మీద ఆనించి తీసినవాటిలో ఒకటి ఇప్పటికీ నేను తీసిన ఫోటోలన్నిటిలో నాకు ఇష్టమైనది. ఇక్కడ ఒక మాట, లెన్స్ మీద వీఆర్ అనో ఐఎస్ అనో రాసుంటుంది చూడండి, అది మన చేతి వణుకునే ఆపుతుంది, ఎదుటి మనిషి కదలికని ఆపదు. చాలామంది ఇది తెలియక పిల్లల ఫోటోలు పాడుచేసుకుంటారు.

కాబట్టి మీరు చేయాల్సింది, ఒక మనిషిని, ఒక చోటుని ఎంచుకోండి. వంటింట్లో అమ్మ కావచ్చు, వీధి చివర ఇస్త్రీ బండి ఆయన కావచ్చు, ఆయన్ని ముందు అడగండి. అదే చోటికి పదిసార్లు వెళ్ళండి. ప్రతి వారం కొత్త ఊరికి పరిగెత్తి, అరకులో అందరూ నిలబడే రాయి మీదే నిలబడి తీసుకొస్తే ఏమీ రాదు. రాశులకొద్దీ ఫిల్టర్లు వేసి, ఆకాశం నారింజ, ఆకులు నీలం చేసేసిన ఫోటోలు చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది, ఆ ఊరి రంగు ఎటు పోయింది?

అన్నట్టు, కోస్తాలో ఉంటే వానాకాలంలో కెమెరాని బ్యాగులో మూసిపెట్టి మర్చిపోకండి. నా 18-55 లోపల సాలెగూడులాంటి తెల్లటి బూజు పట్టింది. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టండి, వారానికోసారి బయటికి తీసి వాడండి.

ఆరు నెలల తర్వాత కూడా లెన్స్ కావాలనే ఉంటే, నికాన్ అయితే 35 ఎంఎం 1.8 తీసుకోండి, ఆ 1.8 దాని అపర్చర్ నంబరు. మీ 18-55ని చివరిదాకా జూమ్ చేస్తే అపర్చర్ 5.6 దగ్గర ఆగుతుంది, 1.8లో దానికి దాదాపు పది రెట్ల వెలుతురు లోపలికొస్తుంది. చవగ్గా దొరుకుతుందని నికాన్ 50 ఎంఎం 1.8డీ మాత్రం చూసుకోకుండా కొనకండి, ఆ లెన్స్‌లో ఫోకస్ తిప్పే మోటారు ఉండదు, డీ3000, డీ5000 వరస కెమెరాల్లోనూ ఉండదు, ఫోకస్ చేత్తో తిప్పుకోవాల్సిందే.

ఇష్టమైనదని చెప్పిన ఆ ఫోటోని పెద్దగా ప్రింట్ వేయించి సంక్రాంతికి పెదనాన్నకి తీసుకెళ్ళాను. ఆయన తన మొహం చూసుకోలేదు. వేలు తిన్నగా చీర అంచు మీద పెట్టి, "ఇది నెమలికంఠం అంచమ్మా, నువ్వు ఉత్త నీలం చేశావ్" అన్నారు. నిజమే, పైన ట్యూబ్‌లైటు వెలుగుతోంది, పక్కన కిటికీ వెలుతురు, రెంటి మధ్యా కెమెరా తికమకపడి రంగు మార్చేసింది. ఏ వెలుతురులో రంగులెలా సరిచేయాలో కెమెరాకి చెప్పే వైట్ బ్యాలెన్స్ అనే మాట మెనూలో రోజూ చూస్తూనే ఉన్నాను, ఒక్కసారీ ముట్టుకోలేదు. ఆ పూటే ట్యూబ్‌లైటు ఆపించి, వైట్ బ్యాలెన్స్ ఆటోలోంచి షేడ్‌కి, అంటే నీడ వెలుతురుకి, మార్చి, అదే చీర మీద మళ్ళీ తీశాను. రెండో ప్రింట్ ఇచ్చినప్పుడు ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి, మడతపెట్టిన చీర అంచుని దాని పక్కన ఆనించి చాలాసేపు చూశారు. తర్వాత పెద్దమ్మని పిలిచి మేకు తెమ్మన్నారు.