సంస్కరణ కాలం గురించి రాస్తున్న నీకు

చిరంజీవికి,

ఆశీస్సులు. సంఘసంస్కరణ కాలం మీద నువ్వు రాస్తున్న వ్యాసం చిత్తుప్రతి అందింది, శ్రద్ధగా చదివాను. వాక్యం బాగానే నడుస్తోంది. అయితే మొదటి పేజీలో ఇంగ్లీషువారు వచ్చి మన కళ్లు తెరిపించారన్నావు, చివరి పేజీలో వారే మన సంస్కృతిని ధ్వంసం చేశారన్నావు; ఆ పని ఏ కచేరీలో, ఏ కాగితం మీద, ఎవరి ఖర్చుతో జరిగిందో మాత్రం మధ్య పేజీలలో ఎక్కడా చెప్పలేదు. నాకు తోచినంతవరకు, ఫలానాది రాయండని వలసపాలకులు మన రచయితలకు చెప్పి రాయించింది తక్కువ. చదువుకున్నవాడు దేనికి సిగ్గుపడాలి, ఎవరి ముందు సిగ్గుపడాలి అన్నదాన్ని మార్చివేయడమే వారి పాలన చేసిన పెద్ద పని. సాహిత్యాన్నీ మతాన్నీ సంస్కరణనూ వేరువేరు అధ్యాయాలుగా విడగొట్టకుండా ఈ కోణం నుంచి కలిపి చూడు.

‘కన్యాశుల్కం’ గురించి రాశావు కానీ దాని ముందుమాట మీద నీ దృష్టి పడినట్టు లేదు. 1897లో అచ్చయిన ఆ నాటకం విజయనగరం ప్రాంతపు జనం నోటి భాషలో ఉంది. గురజాడ ముందుమాట మాత్రం ఇంగ్లీషులో ఉంది. విజయనగరం ప్రభువు ఆనంద గజపతి మహారాజు ఆజ్ఞ మీద విశాఖపట్నం జిల్లా కోస్తా తాలూకాల బ్రాహ్మణ కుటుంబాలలో మూడేళ్లలో జరిగిన శుల్క వివాహాల, అంటే పిల్ల తండ్రికి డబ్బిచ్చి చేసుకున్న పెళ్లిళ్ల, జాబితా తయారు చేయించారనీ, అవి 1,034 తేలాయనీ ఆయన అందులో చెబుతాడు. ఆ పెళ్లికూతుళ్లలో అయిదేళ్లవాళ్లు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44 మంది, మూడేళ్లవాళ్లు 36 మంది, రెండేళ్లవాళ్లు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది పిల్లల ధర 350 నుంచి 400 రూపాయలు. పిల్లల్ని అమ్ముకోవడం అంతకు ముందూ ఉన్నదే, దాన్ని తిట్టినవాళ్లూ ఉండే ఉంటారు. కానీ వయసు వారీగా, ధర వారీగా గళ్లు గీసి లెక్కకట్టడం జనాభా లెక్కలు మొదలైన కాలం నేర్పిన పద్ధతి. ఇంటి గుట్టుగా సాగిపోయినది పట్టికకు ఎక్కేసరికి జిల్లాకంతటికీ తలవంపు అయింది.

అంతమాత్రాన జాబితా నాటకమైపోలేదు. ఆ జాబితాలో మధురవాణి లేదు, గిరీశం అంతకన్నా లేడు. సంస్కరణకు ప్రేరణ ఇచ్చిన ఇంగ్లీషు చదువునే గిరీశం నోట పెట్టి గురజాడ నవ్వులపాలు చేశాడు. గిరీశం నేషనల్ కాంగ్రెసు గురించి రెండు గంటలసేపు లెక్చరు దంచితే, బండివాడు చివరకు అడిగింది తమ ఊరి హెడ్డు కానిస్టేబుకు బదిలీ ఎప్పుడని! ఆ బండివాడికి రాజ్యమంటే హెడ్డు కానిస్టేబే. నీ వ్యాసంలో అలాంటి మనిషి ఒక్కడూ లేడు. పంతుళ్లు, దొరలు తప్ప మరెవరూ మాట్లాడరు.

వితంతు వివాహాల భాగంలో ఇంకొంచెం ఆగాలి. చట్టం వచ్చింది 1856లో. రాజమహేంద్రవరంలో వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. ఇక్కడ పాతికేళ్ల పాటు చట్టం కాగితం మీదే ఉంది. దాన్ని పందిట్లోకి తేవడానికి 1874లో మొదలైన ‘వివేకవర్ధని’ పత్రిక, కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య డబ్బు, వెలికి జంకని కొద్దిమంది స్నేహితులు, గుమ్మం దగ్గర పోలీసులు కావలసి వచ్చారు. వాదం నడిచిన తీరు కూడా గమనించు. హిందువుల కుటుంబ వ్యవహారాలలో శాస్త్రమే ప్రమాణమని వారన్ హేస్టింగ్స్ 1772లోనే ఏర్పాటు చేశాడు. అందువల్ల బెంగాలులో విద్యాసాగరుడైనా, ఇక్కడ వీరేశలింగమైనా పిల్ల గోడు చెప్పి ఊరుకుంటే చాలలేదు, వితంతువు మళ్లీ పెళ్లాడవచ్చని చెప్పే పరాశరస్మృతిని ముందుకు తేవలసి వచ్చింది. సంస్కర్తలూ ఛాందసులూ ఒకే పుస్తకం తిరగేస్తూ పోట్లాడుకోవడం వెనుక న్యాయస్థానాల నీడ ఉంది.

ఆ చట్టం రెండో సెక్షను చదివావా? మళ్లీ పెళ్లాడిన వితంతువుకు మొదటి భర్త ఆస్తిపై హక్కు పోతుందని అందులో ఉంది. బ్రాహ్మణ వితంతువుకు అది కొత్తగా దొరికిన స్వేచ్ఛకు చెల్లించే మూల్యం. కానీ మారుమనువు అనాదిగా ఉన్న కులాల ఆడవాళ్లకు ఆ చట్టం ఇచ్చిందేమీ లేదు. అయినా మద్రాసు హైకోర్టుతో సహా పలు హైకోర్టులు వాళ్లకూ ఆస్తి పోతుందనే తీర్పు చెప్పాయి. అలహాబాదు హైకోర్టు మాత్రం కుల ఆచారాన్ని మన్నించింది. అగ్రకులాల కట్టుబాటు చట్టం పేరుతో కింది కులాల ఇళ్లలోకి నడిచి వచ్చిన వైనం ఇది. సంస్కరణ చరిత్రల్లో దీనికి దక్కవలసిన చోటు దక్కలేదని నా ఫిర్యాదు.

ఇక కవయిత్రి ముద్దుపళని. పద్దెనిమిదో శతాబ్దపు తంజావూరు ఆస్థానంలో ఆమె ‘రాధికా సాంత్వనం’ అనే శృంగార కావ్యం రాసినప్పుడు దాన్ని చూసి సిగ్గుపడినవారు లేరు. శతాబ్దం దాటాక, వితంతువుల కోసం వెలికి సైతం సిద్ధపడిన వీరేశలింగమే, ఆడది ఇలాంటి శృంగారం రాయవచ్చునా అని ‘ఆంధ్ర కవుల చరిత్ర’లో ఈసడించాడు. అప్పటికే అచ్చయిన ప్రతిలో పద్యాలు ఎగిరిపోయి ఉండడం చూసి, బెంగుళూరు నాగరత్నమ్మ రాతప్రతి సంపాదించి 1910లో పూర్తి పాఠం వేయించింది. ఆమె దేవదాసీ కుటుంబంలో పుట్టిన విదుషి. సిగ్గు అనేది ఆడవాళ్లకేనా, మగకవులకు అక్కరలేదా అని ఆమె తన పీఠికలో నిలదీసింది. మరుసటి ఏడే ప్రభుత్వం పుస్తకాన్ని అశ్లీలమని నిషేధించి, వావిళ్లవారి ప్రతులను పట్టుకుంది. టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం ఆ నిషేధాన్ని ఎత్తివేసేసరికి 1947 వచ్చింది. బాలవితంతువు పట్ల కలిగిన జాలి, ముద్దుపళని పట్ల కలిగిన జుగుప్స ఒకే మనిషిలో, ఒకే చదువులోంచి పుట్టాయి. ఒకదాన్ని మెచ్చుకుని రెండోదాన్ని కాలదోషమని దాటవేయకు. నీ వ్యాసానికి వెన్నెముక ఇక్కడుంది.

మిషనరీల గురించి నువ్వు రాసిన పేరా మరీ పలచగా ఉంది. 1878 జులై 3న ఒంగోలు ప్రాంతంలో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ మిషను ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చిన మాట నిజమే, అది 1876-78 నాటి ధాత కరవు ముగుస్తున్న వేళ అన్నదీ నిజమే. తిండి కోసం మతం మారారనడం తేలిక. కానీ బకింగ్‌హాం కాలువ పనిలో కూలి ఇప్పించిన క్లౌ, కరవు కాలంలో బాప్తిస్మాలు ఆపివుంచాడు. మాదిగ పల్లెల్లో యర్రగుంట్ల పేరయ్య బోధ కరవుకు పదేళ్ల ముందే మొదలైంది. వాళ్లు మారడంలో వాళ్ల నిర్ణయం కూడా ఉందని రాయడానికి ఎందుకు వెనుకాడాలి? 1895లో వినుకొండలో క్రైస్తవ కుటుంబంలో పుట్టిన జాషువా, 1941లో ‘గబ్బిలం’తో కాశీ విశ్వనాథుడికి కబురు పంపాడు. అంటరానివాడన్న మనిషికి గుడిలోకి లేని ప్రవేశం గబ్బిలానికి ఉంది. సందేశకావ్యం అనే పాత మర్యాదలోనే నిలబడి, సిగ్గుపడవలసినవారు ఎవరో ఆయన తేల్చాడు.

హైదరాబాదు సంస్థానాన్ని మాత్రం ఈ లెక్కలో కలిపేయకు. అక్కడ కచేరీ భాష ఉర్దూ, ఒత్తిడి వేరు. 1901 నాటి శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం అనే గ్రంథాలయం, 1934లో సురవరం ప్రతాపరెడ్డి తెచ్చిన ‘గోలకొండ కవుల సంచిక’ అక్కడ తెలుగుకు చోటేదన్న వేరే ప్రశ్నకు జవాబులు. దానికి విడిగా వ్యాసం రాయి, లేదా దాని జోలికి వెళ్లకు.

తిరగరాసేటప్పుడు గురజాడ ఇంగ్లీషు ముందుమాట, 1856 చట్టం రెండో సెక్షను, నాగరత్నమ్మ పీఠిక, ఈ మూడూ బల్ల మీద పెట్టుకో. ‘పునరుజ్జీవనం’ అని తొమ్మిది చోట్ల రాశావు, అన్నీ కొట్టివేసి ఆ చోట్లలో ఎవరు ఏం చేశారో రాయి. సంక్రాంతి లోపు పంపితే పండుగ సెలవుల్లో చదువుతాను.

ఇట్లు,
నీ మేలు కోరే
పెద్దవాడు